చరిత్రకు తోడు అర్థశాస్త్రం

మన సభ్యులలో చాలామంది హెచ్.ఇ.పి. గ్రూపు బి.ఏ.లే. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి మూడూ సమానంగా చదివాం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీకి ఒకే మేజరు, దానికి తోడు ఒక మైనరు అనే పద్ధతి వచ్చింది. చరిత్రలో చేరే మనుమలకు మైనరుగా అర్థశాస్త్రం చెప్పండని నా మనవి.

1802లో మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. ఉత్తర సర్కారుల జమీందార్లు సర్కారుకు కట్టే పేష్కషు కదలలేదు. రైతు జమీందారుకు కట్టే శిస్తు పెరిగింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా తేదీలన్నీ చరిత్ర పుస్తకం చెబుతుంది. నడుమ మిగులు ఎవరి గాదెకు చేరిందో తేల్చాలంటే అర్థశాస్త్రం కావాలి. (అడంగళ్లు రాసిన మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.) రమేశ్ చంద్ర దత్తుగారు 1902లో భారత ఆర్థిక చరిత్ర వెలువరించి, ప్రభుత్వ రికార్డులతోనే శిస్తు భారాన్ని ప్రజల పేదరికంతో ముడిపెట్టి చూపారు. అదీ ఐ.సి.ఎస్. ఉద్యోగం నుంచి రిటైరయ్యాకనే.