సినిమా పేరు నుంచి టైలర్ షాపు బోర్డు దాకా

పోయిన శుక్రవారం ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది ఇరవై నిమిషాలే. తర్వాత చాలామంది వాయిస్ మెసేజులు పెట్టారు. "అన్నా, ఆ షోలే అక్షరాల ముచ్చట సగంలనే ఆపినవ్" అని ఒక తమ్ముడు, "మా ఊర్ల గూడ గసొంటి పెయింటర్ ఒకాయన ఉండె" అని ఇంకొకాయన. అందుకే అప్పుడు చెప్పినవీ చెప్పనివీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ బస్సులో సైటుకు పోయేటప్పుడు చదువుకోండి.

నేను షార్జాలో ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న సైన్‌బోర్డుల వర్క్‌షాపులో పనిచేస్తాను. మొత్తం ఏడుగురం. యాక్రిలిక్ షీటు మీద అక్షరాలు మెషీను కోస్తుంది, మేం లోపల ఎల్‌ఈడీ లైట్లు అతికించి గోడకు ఎక్కిస్తాం. కంప్యూటర్‌లో డిజైన్ చేసేది నేను. కానీ నేను ఈ పని నేర్చుకున్నది కంప్యూటర్ మీద కాదు. జగిత్యాల దిక్కున ఒక చిన్న టౌన్‌లో, బస్టాండు వెనక, పదడుగుల వెడల్పున్న ఒక రేకుల షెడ్డులో. పేరు చివర "ఆర్ట్స్" అని ఉండేది. ఆ రోజుల్లో ప్రతి టౌన్‌లో అలాంటి "ఆర్ట్స్"లు రెండు మూడు ఉండేవి. ఇప్పుడైతే డిజైన్ స్టూడియో అంటారు. అప్పుడు "పెయింటర్ షాపు" అనేవాళ్లు, అంతే.

1996లో పదో తరగతి తప్పి అక్కడ చేరాను. మా ఉస్తాద్ మొదటి ఆరు నెలలు నా చేతికి బ్రష్ ఇవ్వలేదు. రేకును గరుకు కాగితంతో రుద్దుడు, ప్రైమర్ కొట్టుడు, సుద్ద పూసిన దారం రెండు పక్కలా పట్టి లాగి వదిలి గీత వేసుడు. ఆ గీత వంకర పోతే ఆ రోజు చాయ్ లేదు. షెడ్డులో మూలకు ఒక పాత ఇనుప పెట్టె ఉండేది. తాళం చెవి ఆయన మొలతాడుకు. అందులో డబ్బులున్నాయని ఏడాది దాకా అనుకున్నాను. ఒక రోజు తెరిచి చూపించాడు. నిండా సినిమా పోస్టర్లు, చందమామ ముఖచిత్రాలు, బాపు బొమ్మలు ఉన్న వారపత్రికల పేజీలు, పెండ్లి కార్డులు. థియేటర్‌లో పోస్టర్లు అతికించే పిల్లగానికి సిగరెట్లకు పైసలిచ్చి మిగిలిన పోస్టర్లు తెచ్చుకునేవాడట. 1970ల నుంచి జమచేసినవి. అదే ఆ షాపు లైబ్రరీ.

ఈ పోస్టర్లు ఎక్కడి నుంచి వచ్చేవో కొంచెం వివరంగా చెప్పాలి. అప్పట్లో తెలుగు సినిమా అంటే ఎక్కువగా మద్రాసే. అక్కడ పబ్లిసిటీ డిజైనర్లు ఉండేవాళ్లు. పెద్ద కంపెనీలేం కావు, ఒక గది, నలుగురైదుగురు మనుషులు. స్టిల్ ఫొటోగ్రాఫర్ తెచ్చిన ఫొటోల నుంచి ముఖాలు కత్తిరించేది, అట్ట మీద అతికించేది, పైనుంచి రంగు వేసేది. సినిమా పేరు రాసే పని విడిగా. అట్లా తయారైన డిజైన్ ప్రెస్సుకు పోయేది. మద్రాసులోనో శివకాశిలోనో అచ్చయిన పోస్టర్లు రైలెక్కి, బస్సెక్కి మన దగ్గరికి చేరేవి.

వాళ్లలో ఈశ్వర్ గారి పేరు తప్పక తలచుకోవాలి. పాలకొల్లు మనిషి. 1967లో బాపు దర్శకుడిగా మొదటి సినిమా "సాక్షి" తీసినప్పుడు దానికి పబ్లిసిటీ చేశారు. మరుసటి ఏడాది "పాప కోసం" పోస్టర్లకు బ్రష్ పక్కన పెట్టి చిన్న కత్తితో రంగు పూశారు. ఆయిల్ పెయింటింగ్ వేసేవాళ్లు వాడే చదునైన కత్తి అది. గోడ మీద సినిమా బొమ్మ అంటే నున్నగా, గులాబీ బుగ్గలతో ఉండాలనుకునే కాలంలో, రంగు ముద్దలు ముద్దలుగా కనిపించే పోస్టర్ వేయడం ధైర్యమే. చాలా ఏళ్ల తర్వాత ఆయన "సినిమా పోస్టర్" అని పుస్తకం కూడా రాశారు. 2021లో పోయారు. పోస్టర్ మూలన చిన్నగా ఆయన సంతకం ఉండేది. మా ఉస్తాద్ హీరో ముఖం కంటే ముందు ఆ మూల చూసేవాడు.

ఇప్పుడు షోలే ముచ్చట. 1975లో వచ్చిన ఆ సినిమా పేరు గుర్తు తెచ్చుకోండి. పెద్ద పెద్ద బండరాళ్లతో చెక్కినట్టు, కింద నుంచి చూస్తున్నట్టు అక్షరాలు. వాటిని 1959 నాటి హాలీవుడ్ సినిమా "బెన్‌హర్" పోస్టర్ పక్కన పెట్టి చూడండి. పోలిక ఎవరికైనా తెలుస్తుంది. అక్కడా రాతి గోడలాంటి అక్షరాలే, అదే వాలు. అంటే రోమన్ల కాలం రథాల సినిమా కోసం పుట్టిన అక్షరం బొంబాయికి వచ్చి బందిపోట్ల సినిమాకు పేరైంది. అక్కడి నుంచి మా టౌన్‌కు వచ్చి ఒక టైలర్ షాపు బోర్డు ఎక్కింది. ఆ టైలర్ షోలే పదిసార్లు చూశాడు, "నాకు గదే సైజు గావాలె" అని పట్టుబట్టాడట.

దీన్ని కాపీ అనొచ్చు. ఎపిసోడ్‌లో ఒకాయన అదే అన్నారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే బెన్‌హర్‌లోనూ షోలేలోనూ ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. నిలువు గీతలు, అడ్డ గీతలు. వాటిని రాయిగా మార్చడం ఒక లెక్క. తెలుగులో "టైలర్స్" అని రాయాలి. "ర" గుండ్రం. దాని కింద "స" వత్తు వేలాడాలి. రాయి గాలిలో వేలాడుతుందా? ఉస్తాద్ ఏం చేశాడంటే, ఆ వత్తును పై రాయి నుంచి పగిలి జారిన ముక్కలాగా వేశాడు, పగులు గీతలతో సహా. అది ఏ పోస్టర్‌లోనూ లేదు. ఆ ముక్క ఆయన సొంతం. తెలుగు బోర్డు రాసే ప్రతివాడికీ ఈ వత్తులతోనే చావు. ఇంగ్లీషు ఒక వరుసలో సర్దుకుంటుంది, మనది పైకి గుడి, కిందికి వత్తు. రెండడుగుల బోర్డులో అసలు అక్షరానికి మిగిలేది ఒక అడుగే.

ఇంకో దారి కూడా ఉంది. 1971లో కృష్ణ "మోసగాళ్లకు మోసగాడు" వచ్చింది. ఇటలీ వాళ్లు అమెరికా కౌబాయ్‌ల మీద సినిమాలు తీస్తే, వాటిని చూసి మద్రాసులో మనవాళ్లు తీశారు. టోపీ, గుర్రం, తుపాకి. ఆ తర్వాత మా టౌన్‌లో ఒక సోడా బండి మీద కౌబాయ్ బొమ్మ, ఒక కటింగ్ షాపులో టోపీ పెట్టుకున్న కృష్ణ. అదే కటింగ్ షాపులో తర్వాత బ్రూస్లీ వచ్చాడు. గిరాకీ మారితే గోడ మారేది. హోటళ్లకు మాత్రం చందమామే. వడ్డాది పాపయ్య రంగులు చూసి లక్ష్మీదేవి వెనక ఆకాశం వేసేవాడు ఉస్తాద్. పసుపు నుంచి నారింజ, నారింజ నుంచి ఊదా. పెండ్లి పందిరి గేటు మీద రాయాలంటే బాపు రాత. బాపు 1933లో నరసాపురంలో పుట్టారు, కానీ ఆయన చేతిరాత కరీంనగర్ జిల్లా పెండ్లి కార్డుల మీద బతికింది. ఎవరి చేతిరాతనో ఇంతమంది తమ ఇంటి శుభలేఖకు వాడుకోవడం తెలుగులో ఇంకెవరికీ జరగలేదనుకుంటా.

అసలు పైసలు మాత్రం ఎలక్షన్లలోనే. గోడకు సున్నం కొట్టి, జిగురు కలిపిన రంగుతో రాత్రంతా రాసేది. ఒక్క సీజన్‌తో ఏడాది ఇంటి కిరాయి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ స్థలాల గోడలు పాడుచేయొద్దని చట్టం వచ్చింది. ఎలక్షన్ కమిషన్ కూడా గట్టిగా పట్టుకుంది. గోడ పని అక్కడి నుంచి తగ్గింది. అప్పుడు కూడా ఉస్తాద్ భయపడలేదు. "గోడ పోతే పోనీ, రేకు ఉన్నది గద" అన్నాడు.

రేకును కొట్టింది ఫ్లెక్సీ. మా టౌన్‌కు 2005లో మిషను వచ్చింది. మేం రెండు రోజులు చేసే బోర్డు అది గంటలో బయటికి తీసేది, అసలు ఫొటోతో సహా. పుట్టినరోజుకు, పెండ్లికి, దినానికి, లీడర్ వస్తే, అన్నిటికీ ఫ్లెక్సీ. మనుషులకు తమ ముఖం అంత పెద్దగా చూసుకునే అవకాశం అంతకుముందు సినిమా హీరోలకే ఉండేది. ఆ సంబురాన్ని నేను తప్పుపట్టను.

ఇప్పుడు చెప్పేది ఎపిసోడ్‌లో చెప్పలేకపోయాను. ఆ మిషను పెట్టినాయన నన్ను పిలిచి, కంప్యూటర్ నేర్పిస్తా, నెలకు డబుల్ జీతం ఇస్తా అన్నాడు. నేను పోయాను. ఉస్తాద్ షాపుకు ఎదురుగానే. ఫొటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు మూడు నెలల్లో పట్టుకున్నాను. ఆయన గిరాకీలను నేనే పేరు పెట్టి పిలిచి ఫ్లెక్సీలు అమ్మాను. ఆ పాత టైలర్ కూడా వచ్చాడు. రాతి అక్షరాల బోర్డు దించి నా చేతి ఫ్లెక్సీ కట్టించుకున్నాడు. దించిన రేకు ఏమైందో అడగలేదు. ఎదురుగా ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

2008లో చెల్లె పెండ్లి అప్పుతో ఇటు వచ్చాను. ఏజెంటు డిజైనర్ వీసా అన్నాడు, దిగినంక చూస్తే హెల్పర్. రెండేళ్లు ఎండలో స్తంభాలు పాతాను. మీకు కొత్తగా చెప్పేదేముంది.

ఇక్కడ బోర్డు మీద అరబిక్ లేకుండా కుదరదు. మా దగ్గర ఒక పాకిస్తానీ పెద్దాయన ఉన్నాడు, ఖత్తాత్ అంటారు, అంటే అందమైన రాత రాసేవాడు. ఇప్పటికీ ముందు రెల్లు కలంతో కాగితం మీద రాస్తాడు, తర్వాత దాన్ని నేను స్కాన్ చేస్తాను. అరబిక్‌లో ఒక సుళువుంది. బోర్డులో జాగా మిగిలితే రెండు అక్షరాల మధ్య గీతను సాగదీయొచ్చు. కశీదా అంటారు. ఆయన ఆ గీత లాగుతుంటే నాకు ఉస్తాద్ గుర్తొచ్చాడు. తెలుగు అక్షరాలు ఒకదానికొకటి కలవవు కదా, సాగదీయలేం. అందుకే ఉస్తాద్ తలకట్టును సాగదీసేవాడు. చివరి అక్షరం తలకట్టు పట్టుకుని పేరు మొత్తం మీదుగా వెనక్కి లాగి, మొదటి అక్షరం మీద గొడుగులా పెట్టేవాడు. పాత సినిమా పేర్లలో చూడండి, ఇది చాలాచోట్ల ఉంటుంది. ఖత్తాత్‌కు కాగితం మీద గీసి చూపిస్తే, "తుమ్హారా ఉస్తాద్ భీ ఖత్తాత్ థా" అన్నాడు.

ఇప్పుడు తెలుగు ఫాంట్లకు కొదవ లేదు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసినవే చాలా ఉన్నాయి. రామభద్ర, మండలి, మల్లన్న, గిడుగు, ఎన్‌టీఆర్ అని పేర్లు. బతుకమ్మ బ్యానర్లకు, క్రికెట్ టోర్నమెంట్ షర్టులకు నేను అవే వాడతాను. మంచి పనే చేశారు. కానీ ఫాంట్‌కు తను కూర్చోబోయే బోర్డు ఎంతదో తెలియదు. వత్తును ఎక్కడ విరగ్గొట్టాలో దానికి ఎవరూ చెప్పలేదు.

2017లో ఒక రాత్రి ఇంటి నంబర్ల నుంచి ఫోన్. ఉస్తాద్. తొమ్మిదేళ్ల తర్వాత.

"అరేయ్, బిడ్డ పెండ్లి పెట్టుకున్న. ఫ్లెక్సీ కొట్టియ్యాలె. ఇక్కడోళ్లు చేసింది సూడబుద్ధయితలేదు. నువ్వు చేసి పంపు."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. "సరే ఉస్తాద్" అన్నాను. క్యాంపులో అందరూ పడుకున్నాక పై మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని చేశాను. మొదట ఫాంట్‌తో చేశాను. బాగాలేదు. తీసేసి పేర్లు కాగితం మీద రాయబోతే చెయ్యి వణికింది. పన్నెండేళ్లయింది బ్రష్ పట్టి. బ్రష్ లేదు కూడా, మార్కర్ పెన్నుతో రాశాను. నలభై కాగితాలు పాడయ్యాక ఒకటి కుదిరిందనిపించింది. ఫొటో తీసి, గీతలు సరిచేసి, ఫజర్ అజాన్ వేళకు వాట్సాప్‌లో పంపాను.

మధ్యాహ్నం జవాబు వచ్చింది. మెచ్చుకోలు లేదు. నా డిజైన్‌ను కాగితం మీద ప్రింటు తీయించి, దాని మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఫొటో పంపాడు. మూడు సున్నాలు. కింద వాయిస్: "ల మెడ ఒంగింది. వత్తు కింద జాగ ఎక్కువైంది. తలకట్టు ఏడ మొదలైందో ఆడనే ఆపినవ్, గుంజలేదేంది?"

సరిచేసి మళ్లీ పంపాను. "ఇగ నిలవడ్డది" అన్నాడు. అదే రోజు నేను ఆ టైలర్ బోర్డు గురించి అడిగాను. రేకు ఆయన దగ్గరే ఉందట. టైలర్ దించిన రోజే పోయి పాత ఇనుము ధరకు కొనుక్కొచ్చి, షెడ్డు వెనక గోడకు ఆనించి పెట్టాడట.

మీ ఊర్లో చేతితో రాసిన బోర్డు ఏదన్నా ఇంకా ఉంటే, ఇంటివాళ్లతో ఫొటో తీయించి పంపండి. దగ్గర నుంచి తీయమనండి. కుడిపక్క కింది మూలన ఆర్టిస్టు పేరు చిన్నగా ఉంటుంది, అది కనిపించాలి.