నల్లగొండ పోరాటమునకు సాక్షులు

నాడు నల్లగొండ జిల్లాలో చేరియుండిన జనగామ తాలూకా కడవెండి గ్రామమున 1946 జులై 4వ తేదీన రైతు ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగినది మొదలు, 1951 అక్టోబరులో తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటము విరమింపబడు వరకును జరిగిన చరిత్రకు ఆధారములు అల్పములు కావు. కాని వానిలో ఏ యొక్కటియు సమగ్రము కాదు.

పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువరించిన గ్రంథము గ్రామములను, దళములను, మృతవీరులను పేరుపేరున స్మరించును. అయినను ఉద్యమనాయకుడే రచయిత యగుటచే అందు కమ్యూనిస్టు పార్టీ నిర్ణయముల సమర్థనయు సహజముగా చోటు చేసికొన్నది. 1948 సెప్టెంబరున హైదరాబాదు సంస్థానముపై భారత ప్రభుత్వము జరిపిన సైనికచర్య తరువాతను పోరాటమును కొనసాగించుట ఉచితమా యను ప్రశ్నకు, ఆ ఉద్యమమునకే నాయకులైన రావి నారాయణరెడ్డిగారు భిన్నమగు సమాధానమిచ్చిరి. భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాదున నివసించిన కె.ఎం. మున్షీగారి రచన, రాజధాని రాజకీయములను సన్నిహితముగా చూపగలదే కాని, దొర గడీ ముంగిట వెట్టిచేసిన రైతుకూలీ గుండెకోతను చూపజాలదు.

ఈ లోటును కొంత పూరించినది 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన, పోరాటమున పాల్గొన్న స్త్రీల జ్ఞాపకముల సంకలనమగు ‘మనకు తెలియని మన చరిత్ర’. అడవిలో అజ్ఞాతవాసమున నుండి కన్నబిడ్డను పరులకప్పగింపవలసి వచ్చిన తల్లి దుఃఖము ఏ పోలీసు దస్త్రమునను, ఏ పార్టీ తీర్మానమునను కానరాదు. అయితే దశాబ్దములు గడచిన పిమ్మట చెప్పిన జ్ఞాపకమునందు తేదీలు తడబడవచ్చును, తరువాతి అనుభవములు తొలినాటి భావములకు రంగు పులుమవచ్చును. కావున కాలనిర్ణయమునకు దస్త్రమును, ఆశయమునకు నాయకుని రచనను, అనుభవమునకు సామాన్యుని వాఙ్మూలమును ఆశ్రయించి, ఒకదానిని మరియొకదానితో సరిచూచుటయే చరిత్రకారునికి ధర్మము.