మాతృశోకము – నవలారచన: వర్జీనియా వుల్ఫ్ అనుభవ పరిశీలనము

తల్లిదండ్రులలో నెవ్వరైనను గతించినప్పుడు కలము చేతబట్టిన వారికి కొంత యూరట కలుగునని పెద్దలు చెప్పుచుందురు. వ్రాసికొన్న గుండెబరువు తగ్గునని లోకుల నమ్మిక. ఆ నమ్మికను నేను కాదనను గాని, దానియందు రెండు వేర్వేఱు వ్యాపారములు కలిసిపోయి యున్నవి. శోకమును వెళ్ళబోసికొనుట యొకటి. శోకమునకు రూపమును కల్పించుట మఱియొకటి. మృతులైన తల్లిదండ్రులను గూర్చిన రచనవలన నిలుకడగల శాంతి లభించినచో నది ప్రధానముగ రెండవ వ్యాపారమువలననే లభించుననియు, ఆ శాంతికి రచయిత యొక మూల్యమును చెల్లింపక తప్పదనియు, ఆంగ్ల నవలారచయిత్రి వర్జీనియా వుల్ఫ్ చరిత్ర నాధారముగ గొని నిరూపించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఆమెనే యెన్నుకొనుటకు బలమైన హేతువు కలదు: ఒకే యింట, ఒకే మరణమును గూర్చి, తండ్రి యొక రీతిగను కుమార్తె వేఱొక రీతిగను వ్రాసిరి, ఆ రెండు రచనలును మనకు దక్కియున్నవి.

వర్జీనియా తల్లి జూలియా స్టీఫెన్ 1895 మే 5వ తేదీన లండను నగరమున హైడ్ పార్క్ గేట్ నందలి స్వగృహమున 49 ఏండ్ల వయస్సున మరణించెను. అప్పటికి వర్జీనియాకు 13 ఏండ్లు. తండ్రి లెస్లీ స్టీఫెన్ 'డిక్షనరీ ఆఫ్ నేషనల్ బయోగ్రఫీ' యను బృహత్కోశమునకు తొలి సంపాదకుడు. పరుల జీవితములను సంగ్రహముగ, నిర్మమముగ వ్రాయుటయందును వ్రాయించుటయందును ఆఱితేఱినవాడు. అట్టివాడు భార్య పోయిన నెల తిరుగకమునుపే, పిల్లల నుద్దేశించిన సుదీర్ఘలేఖగా ఆమె స్మృతులను వ్రాయ నారంభించెను. పిల్లలు దానికి 'మాసోలియం బుక్' అని, అనగా సమాధిమందిర గ్రంథమని, పేరుపెట్టిరి. అది 1977లో గాని ముద్రణమునకు రాలేదు. ఆ గ్రంథమందలి ప్రేమ నిష్కపటమైనది. ఐనను అందు అడుగడుగునను వినవచ్చునది భర్త స్వరమే: రచయిత కార్లైల్ తన భార్యను నొప్పించినట్లు తానును నొప్పింపలేదు గదా యను సందేహము, ఆత్మనింద, ఆ వెంటనే ఆత్మసమర్థనము. ఆమెను చూపుటకై మొదలిడిన వ్రాత తన్ను తాను విచారించుకొను సాక్ష్యముగ మాఱినది. ఆ పుస్తకమును ఆయన మూసివేయలేకపోయెను. తరువాత సంభవించిన ఆత్మీయుల మరణములను అందే నమోదు చేయుచు 1903 వఱకు దానిని పొడిగించెను. ఆయన నిట్టూర్పుల భారము ఆ యింటి యాడపిల్లలపై నెట్లు పడెనో వర్జీనియా స్మృతులు చెప్పుచున్నవి.

కుమార్తె దుఃఖ మట్లు బయటికి రాలేదు. తల్లి శవమును ముద్దిడుటకై తన్ను తోడ్కొనిపోయినప్పుడు అచ్చటి నర్సు ఏడ్చుట చూచి తనకు నవ్వు వచ్చినదనియు, తనకేమియు ననిపించుట లేదని లోలోపల ననుకొంటిననియు ఆమె నలువది యేండ్లు గడచిన పిమ్మట వ్రాసికొన్నది. ఈ స్తబ్ధతను కాఠిన్యమని భ్రమింపరాదు. తల్లి పోయిన కొలది నెలలకే ఆమెకు మొదటిమాఱు మనోవ్యాధి సోకెను. 1904లో తండ్రి గతించిన పిదప రెండవమాఱు, మఱింత తీవ్రముగ వచ్చెను. తల్లిమాత్రము ఆమెను విడువలేదు. ఏ పనిలో నున్నను ఆ కంఠము వినబడుచు, అమ్మ యిప్పుడేమనును, ఏమి చేయును అను తలపు వెన్నాడుచు, తన 44వ యేటి వఱకు ఆ సాన్నిధ్యము కొనసాగినదని 'ఎ స్కెచ్ ఆఫ్ ది పాస్ట్' అను స్వీయస్మృతియందు వర్జీనియా చెప్పుకొన్నది.

ఒకనాడు లండనులోని టావిస్టాక్ స్క్వేర్ చుట్టును నడచుచుండగా, తన ప్రయత్నము లేనట్లే, ఒక నవల ఉప్పొంగివచ్చినదట. 1925 మే 14వ తేదీ దినచర్యలో దాని ప్రణాళిక కలదు: అందు తండ్రి, తల్లి, సెంట్ ఐవ్స్, బాల్యము ఉండవలెను. సెంట్ ఐవ్స్ కార్న్‌వాల్ తీరమందలి పట్టణము. అచ్చట టాలండ్ హౌస్ అను నింట ఆ కుటుంబము 1894 వఱకు వేసవులు గడపుచుండెను. ఎదుటి అఖాతమున గాడ్రెవీ దీపస్తంభము కానవచ్చును. 'టు ది లైట్‌హౌస్' నవలకు పుట్టినిల్లదియే. కాని రచయిత్రి కథాస్థలమును కార్న్‌వాల్‌నుండి తొలగించి, స్కాట్లండు పడమటి దీవులలోని స్కై ద్వీపమునకు తరలించినది. జూలియా మిసెస్ రామ్సే యయినది. లెస్లీ మిస్టర్ రామ్సే యయినాడు.

ఈ దూరీకరణ మెంత లోతుగ సాగినదో ఒక్క సన్నివేశమును పరిశీలించిన తెలియును. తల్లి మరణించిన వేకువను వర్జీనియా ఆ గదికి పోవుచుండగా తండ్రి తూలుచు లోపలినుండి వచ్చినాడు. ఆయన నాపుటకు ఆ బాలిక చేతులు చాచినది. ఆయన ఆమెను దాటి వెడలిపోయినాడు. ఇది స్మృతి. నవలయందలి 'టైమ్ పాసెస్' అను రెండవ భాగమున మిసెస్ రామ్సే మరణము చదరపు కుండలీకరణముల నడుమ ఒక్క వాక్యమున ముగిసిపోవును: చీకటి విడని వేకువను నడవలో తడబడుచు చేతులు చాచినవాడు అచ్చట భర్త, ఆ చేతులు శూన్యముగ మిగిలినవి. బిడ్డ యా వాక్యమున లేనేలేదు. తన్ను దాటిపోయిన తండ్రికే తన చాచిన చేతుల నొసగి, ఆయన దుఃఖమును లోపలినుండి చూడగల్గిన ఆ ఘట్టమే నా దృష్టిలో ఈ గ్రంథమున కంతటికిని జీవస్థానము. ఫిర్యాదు చేయుటకు హక్కున్నచోట ఆమె జాలిపడ నేర్చినది. తండ్రి గ్రంథమందు, పిల్లల కన్నులతో ఆ మరణమును చూచు ప్రయత్నము మిక్కిలి స్వల్పము.

మూడవ భాగమున లిలీ బ్రిస్కో యను చిత్రకారిణి పదేండ్ల క్రిందట విడిచిన చిత్రమును మరల నెత్తుకొనును. ఆమెకు 44 ఏండ్లు. 1926లో నవలను ముగించునాటికి రచయిత్రి వయస్సును అంతియే. లిలీ కుమార్తె కాదు. తనకు పెండ్లి చేయజూచిన మిసెస్ రామ్సే మాటకు లొంగనిది కూడ. కుమార్తె చేయవలసిన ఆక్రందనమును వుల్ఫ్ ఈ పరాయి స్త్రీచేత చేయించినది. లిలీ మృతురాలిని పేరుపెట్టి పిలుచుచు కంటనీరు పెట్టుకొనును. ఆ కన్నీటి నడుమనే రంగునకు రంగు, రేఖకు రేఖ యెట్లు కుదురునని యోచించుచునుండును.

మన ఆలంకారికులకు ఈ మర్మము క్రొత్తది కాదు. వాల్మీకి శోకము శ్లోకమైనదను గాథను వ్యాఖ్యానించుచు అభినవగుప్తుడు 'లోచన'మునందు, ఆ శోకమును ముని సొంత దుఃఖముగ తలపరాదని హెచ్చరించెను. భట్టనాయకుని సాధారణీకరణ సిద్ధాంతము ననుసరించి, విభావాదులు వ్యక్తిసంబంధమును వీడినప్పుడే స్థాయిభావము ఆస్వాద్యమగును. లెస్లీ స్టీఫెన్ వ్రాతయందు శోకము ఆయన సొత్తుగనే నిలిచిపోయినది; వుల్ఫ్ వ్రాతయందు అది యెవ్వరిదైనను కాదగినదైనది. ఆ సిద్ధాంతము ముఖ్యముగ సహృదయుని గూర్చినది. ఐనను, తన తల్లిని గూర్చి వ్రాయు రచయిత్రి తన కృతికి తానే తొలి సహృదయురాలగునని దానికి చేర్చుటకు నేను సాహసించుచున్నాను. బిడ్డగా భరింపలేనిదానిని ఆమె పాఠకురాలిగా చూడగల్గినది.

ఇక మూల్యము సంగతి. నవల 1927లో, జూలియా మరణించిన మే 5వ తేదీనాడే వెలువడినది. అక్క వనెస్సా బెల్ దానిని చదివి, తల్లి మృత్యువునుండి లేచివచ్చినట్లున్నదనియు, అది దాదాపు బాధ కలిగించుచున్నదనియు చెల్లెలికి వ్రాసినది. అక్కకు తల్లి తిరిగివచ్చినది. వ్రాసిన చెల్లెలికి మాత్రము వెడలిపోయినది. పూర్వము తల్లిదండ్రులను ప్రతిదినము తలచెడిదాననని, ఆ నవల తన మనస్సున వారిని విశ్రమింపజేసినదని, తండ్రి జన్మదినమైన 1928 నవంబరు 28న ఆమె దినచర్యలో వ్రాసికొన్నది. 1939లో ఆరంభించిన స్వీయస్మృతి మఱింత స్పష్టముగ పలుకుచున్నది: తల్లి కంఠము ఇక వినబడదు, ఆమె రూపము కనబడదు. మనోవిశ్లేషకులు రోగులకు చేయుపనిని తనకు తాను చేసికొంటినేమో యని ఆమె యూహించినది; కాని తల్లిని వర్ణించినంతమాత్రమున ఆ దర్శన మేల మసకబారవలెనని ఆ వెంటనే ప్రశ్నించి, సమాధానమును మఱొకనాటికి విడిచినది. ఊరటను గోరి కలము పట్టువారు ఈ మూల్యమును ముందుగ నెఱిగియుండుట మేలు.

ఈ ఎడబాటునకు సమ్మతింపనివాడు ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్. 1977 అక్టోబరు 25న తల్లి మరణింపగా, మఱునాటినుండియే చిన్న చిన్న కాగితపుముక్కలపై ఆయన శోకదినచర్య వ్రాసెను. అది 2009లో అచ్చయినది. దుఃఖము తరుగుటను ఆయన కోరలేదు. దానిని కాపాడుకొన జూచెను. 1979లో వ్రాసిన 'లా షాంబ్ర్ క్లేర్' గ్రంథమందు ఐదేండ్ల ప్రాయపు తల్లి ఛాయాచిత్రమును గూర్చి సుదీర్ఘముగ వ్రాసియు, ఆ చిత్రమును పాఠకులకు చూపలేదు. అది తనకు మాత్రమే గాయమనెను. ఉత్తమమైన గ్రంథమే; కాని దానిని ఊరట యనుటకు నాకు నోరాడదు.

ప్రయోగశాలా పరిశోధనలు కూడ ఇట్టి వివేకమునే కోరుచున్నవి. 1986లో పెన్నెబేకర్, బీల్ అనువారు కళాశాలా విద్యార్థులచేత నాలుగుదినములు, దినమునకు 15 నిమిషముల చొప్పున, బాధాకరములైన అనుభవములను వ్రాయించి, దానివలన ఆరోగ్యమునకు మేలు కనబడినదని ప్రకటించిరి. కాని జీవిత భాగస్వామిని క్రొత్తగ కోల్పోయినవారిపై నెదర్లండ్సు పరిశోధకులు జరిపి 2002లో వెలువరించిన అధ్యయనమున, భావములను వ్రాయుటవలన వారి కోలుకొనుట త్వరితము కాలేదు. వెళ్ళబోసికొనుటయే చాలునను వారికి ఈ ఫలితము విస్మయము గొల్పవచ్చును. మాసోలియం బుక్ చదివినవారికి గొల్పదు.

వుల్ఫ్ విషయమున ఇంతటి పరిశీలనము సాధ్యమగుటకు కారణము, ఆమె దినచర్యలు, లేఖలు, ఆమె తండ్రి వ్రాతప్రతి చెక్కుచెదరక నిలుచుటయే. తెలుగునందు నాయని సుబ్బారావుగారి 'మాతృగీతాలు' మొదలైన కృతులు కలవు. వాని పద్యములను చదువుచున్నాము గాని, వాని వెనుకనున్న చిత్తుప్రతులను, ఉత్తరములను, డైరీలను చూడగల్గుట అరుదు. తల్లిదండ్రులను గూర్చి స్మృతికావ్యములు వ్రాసిన కవుల కాగితములు ఎవరి యింటనైన నున్నచో, వానిని చెదలపాలు గానీయక, సమీప గ్రంథాలయమునకో విశ్వవిద్యాలయపు తెలుగుశాఖకో అందజేయవలసినదిగ ఆ కుటుంబములవారిని వినయపూర్వకముగ వేడుకొనుచున్నాను.