మోటుపల్లికి పోదామా? అనంతపురం నుంచి ఒక సముద్రం ప్లాన్

ఈసారి ఎపిసోడ్ మా ఇంట్లో మాటల నుంచి మొదలుపెడతా.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టినప్పటి నుంచి నేను సెలవు అన్నదే తీసుకోలేదు. షూటింగ్, ఎడిటింగ్, థంబ్‌నెయిల్, మళ్ళీ ఎడిటింగ్. అందుకే ఈ జనవరిలో నాలుగు రోజులు ఫోన్ పక్కన పడేసి, ఏదైనా సముద్రం ఒడ్డున ఊరికే కూర్చుందామని అనుకున్నా. ఫ్రెండ్స్‌ని అడిగితే ఒకడు గోకర్ణ అన్నాడు, ఒకడు పాండిచ్చేరి అన్నాడు, ఇంకొకడు గోవా తప్ప దేశంలో సముద్రమే లేనట్టు మాట్లాడినాడు. నేను అడిగింది జనం లేని చోటు. వాళ్ళు చెప్పినవన్నీ జనం ఎగబడే చోట్లు.

ఇదంతా వింటూ మా అవ్వ పక్కనే చెనక్కాయలు ఒలుస్తా ఉంది. ఆమెకి ఎనభై దగ్గర పడింది. తిరుపతి చూసింది, శ్రీశైలం చూసింది, సముద్రం మాత్రం టీవీలోనే.

"ఒరే, సముద్రం అంటే ఎన్ని నీళ్ళుంటాయిరా? శింగనమల చెరువంత ఉంటాదా?"

"చానా ఎక్కువ అవ్వా."

"తాగేకి వస్తాయా?"

"రావు. ఉప్పు నీళ్ళు."

"సేద్యానికి?"

"దానికీ రావు."

"మరి అన్ని నీళ్ళు పెట్టుకుని ఏం చేస్తారురా వాళ్ళు?"

నవ్వొచ్చింది కానీ జవాబు రాలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో బతికిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అయిపోతాయి, ఈశాన్యం వాన కోస్తాలో కురిసి మన దాకా వచ్చేసరికి నీరసపడుతుంది. అటు అరేబియా, ఇటు బంగాళాఖాతం, రెండింటికీ దూరపు చుట్టాలం మనం.

ఆ ప్రశ్న పట్టుకుని మ్యాప్‌లో కోస్తా అంతా వేలుతో జరుపుకుంటూ పోతుంటే ఒక పేరు దగ్గర ఆగినా. మోటుపల్లి.

ఇది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక పల్లె. పెద్ద హోటళ్ళు లేవు, వాటర్ స్పోర్ట్స్ లేవు, రీల్స్‌లో ట్రెండ్ అయ్యే పేరు అసలే కాదు. దగ్గర్లో ఉప్పు కొఠార్లు, సరుగుడు తోటలు, చేపల వేటకి పోయే ఊళ్ళు. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే. కానీ ఆ ఊళ్ళో వీరభద్రస్వామి గుడి ఉంది. ఆ గుడి దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. ఆ స్తంభం మీద రాసింది చదివినాక నా రిలాక్సింగ్ ట్రిప్ కాస్తా హిస్టరీ ఎపిసోడ్ అయిపోయింది. అలవాటు పోదు కదా.

ఆ శాసనం వేయించింది కాకతీయ గణపతిదేవుడు. శక సంవత్సరం 1166, అంటే మన లెక్కలో 1244-45. సంస్కృతం, తెలుగు రెండూ ఉన్నాయి అందులో. దీన్ని అభయ శాసనం అంటారు. స్కూల్లో ఒక మార్కు బిట్‌గా చదువుకున్నాం, "మోటుపల్లి అభయ శాసనం వేయించినది ఎవరు?" అని. అభయం ఎవరికి, దేనికి అని మాత్రం ఏ సారూ చెప్పిన గుర్తు లేదు, నేనూ అడగలేదు.

విషయం ఇది. అప్పట్లో ఒక ఓడ సరుకు వేసుకుని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతుంది. దారిలో తుఫాను. ఓడ పగిలిపోయి ఏదో ఒక ఒడ్డుకి కొట్టుకొస్తుంది. మరి ఆ సరుకు ఎవరిది? మనం అనుకుంటాం, పోగొట్టుకున్నవాడిదే కదా అని. కాదు. ఆ ఒడ్డు ఏ రాజుదైతే సరుకు ఆ రాజుది! బంగారం, ఏనుగులు, గుర్రాలు, ఏది కొట్టుకొస్తే అది లాగేసుకునేవాళ్ళు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, మా ముందు రాజులు ఇట్లా బలవంతంగా తీసుకునేవాళ్ళని ఆ శాసనమే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత గణపతిదేవుడు అంటాడు: ప్రాణం కంటే సంపాదన ముఖ్యమనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చినవాళ్ళు వీళ్ళు, వీళ్ళ మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నేను నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటా, మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తా.

సుంకం ఎంత? ఎగుమతైనా దిగుమతైనా ముప్పైలో ఒక వంతు. అంటే 3 శాతం పైన కొంచెం. జీఎస్‌టీ కట్టేవాళ్ళు ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకోండి. దాని కింద సరుకుల వారీగా రేట్లు కూడా ఉన్నాయి. గంధం, దేశీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు... ఇప్పుడు ఉప్పు గాలి తప్ప ఏమీ వినపడని ఆ ఒడ్డున ఒకప్పుడు ఇవన్నీ దిగేవి. ఒక రేట్ కార్డుని రాయి మీద చెక్కించి అందరికీ కనపడేలా నిలబెట్టినాడు ఆ రాజు. సుంకం వసూలు చేసే ఉద్యోగి ఇష్టం వచ్చినట్టు అడగడానికి లేదు, రాయి చూపిస్తారు.

దీన్ని మరీ దేవుడి దయలాగా చూడాల్సిన పని లేదు అనుకోండి. గణపతిదేవుడికి లెక్క తెలుసు. ఓరుగల్లు సముద్రానికి దూరం. గుర్రాలు కావాలన్నా, పట్టు కావాలన్నా ఓడలు రావాలి. ఇక్కడ దోచుకోరు అని నమ్మకం కుదిరితేనే ఓడలు వస్తాయి. కానీ నమ్మకం కోసం చేసినా మంచి మంచే. బయటి ప్రపంచంతో పోల్చి చూడండి. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ చట్టంలో ఇదే సమస్యకి ఒక రూలు ఉంది. పగిలిన ఓడ నుంచి ఒక మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే దాన్ని దిక్కులేని సరుకుగా లెక్కెయ్యకూడదు, ఏడాది పైన ఒక రోజు లోపల సొంతదారు వచ్చి అడిగితే తిరిగి ఇవ్వాలి. ఓడలో పిల్లి బతికిందా లేదా అన్నదాని మీద వ్యాపారి బతుకు ఆధారపడింది అక్కడ! మన మోటుపల్లి రాయి దానికి 30 ఏళ్ళు ముందుది, దాంట్లో పిల్లి గోల లేదు.

ఇదంతా అవ్వకి చెప్పినా. ఆమె చెనక్కాయలు ఒలవడం ఆపి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "మీ తాతకి అట్లాంటి రాయి లేకపోయె."

నాకు ఆ కథ తెలుసు. ఇంట్లో ఎవరూ గట్టిగా చెప్పుకోరు అంతే. ఒక కరువు ఏడు, చెనక్కాయ వేసినాక వాన మొహం చాటేసింది. ఊడలు దిగే టైముకి నేల గట్టిపడిపోయింది, పంట చేతికి రాలేదు. విత్తనాలకి అప్పు ఇచ్చిన ఆసామి పంట పోయిన సంగతి తెలిసిన వారానికే వచ్చి ఎద్దుల జత విప్పుకుని పోయినాడు. పంట బాగా పండిన ఏడు ఎప్పుడూ అంత తొందరగా రాలేదంట ఆయన. ఎద్దులు పోయినాక మా తాత ఇంకొకరి చేనికి కూలికి పోయినాడు. మా నాయన చదువు ఆగిపోయింది కూడా ఆ ఏడే.

ఓడ పగిలినవాడి దగ్గర మిగిలిన చెక్కలు కూడా ఏరుకోవడం అంటే ఏమిటో మా అవ్వకి నేను వివరించాల్సిన అవసరం రాలేదు.

ఇంకో విచిత్రం ఉంది. కోస్తావాళ్ళకి తుఫాను అంటే ప్రాణభయం. 1977 నవంబరులో దివిసీమని ముంచిన ఉప్పెన గురించి ఇప్పటికీ అక్కడ తలుచుకుంటారు. అదే మనకి? బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే అనంతపురంలో ఆశగా ఆకాశం చూస్తాం. మన చెరువులు ఎప్పుడన్నా నిండాయంటే చాలాసార్లు ఆ తుఫాను తోక తగిలే. వాళ్ళ ఓడ మునిగిన గాలే మన చెరువుకి నీళ్ళు. అవ్వ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడ ఉంది. అన్ని నీళ్ళు పెట్టుకుని సముద్రం అప్పుడప్పుడు మనకి కొంచెం పంపిస్తుంది.

సరే, మోటుపల్లికి మన జిల్లాకి ఇంకో లింకు కూడా ఉంది. దీన్ని కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దీనిమీద మసాలా ఎక్కువ.

వెనిస్ వ్యాపారి మార్కో పోలో పేరు విన్నారు కదా. ఆయన 1298లో జెనోవా జైల్లో ఉండి తన ప్రయాణాల కథ చెప్పి రాయించినాడు. అందులో ముట్‌ఫిలి అనే రాజ్యం వస్తుంది. అది మన మోటుపల్లే. రేవు పేరే రాజ్యానికి పెట్టేసినాడు ఆయన. భర్త పోయిన ఒక రాణి న్యాయంగా పరిపాలిస్తోందని మెచ్చుకున్నాడు. చరిత్రకారులు ఆమె రుద్రమదేవే అంటారు. పోలో సారు రెండు చోట్ల తడబడినాడు: రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. పైగా ఆయన ఈ వైపు ఓడ మీద పోయే నాటికి ఆమె లేదు, 1289లోనే చనిపోయిందని చందుపట్ల శాసనం చెబుతుంది. అయినా ఆమె మంచి పేరు రేవుల్లో ఇంకా తిరుగుతూ ఉందంటే చూడండి. సాలెగూడులాంటి సన్న బట్ట ఇక్కడ దొరుకుతుందని కూడా రాయించినాడు. పక్కనే ఉన్న చీరాలలో మగ్గాలు ఇప్పటికీ ఆడుతున్నాయి.

అసలు సంగతి వజ్రాలు. లోయలో పాములు, పైనుంచి మాంసం ముక్కలు విసరడం, గద్దలు వాటిని ఎత్తుకుపోవడం, ఆ మాంసానికి అంటుకున్న వజ్రాలు ఏరుకోవడం... ఇదంతా సింద్‌బాద్ కథల్లో కూడా ఉంది, వదిలెయ్యండి. కానీ దానికి ముందు ఒక మామూలు మాట చెప్పినాడు. పెద్ద వాన పడి కొండల మీంచి నీళ్ళు ఉరికి వచ్చినాక జనం వాగుల్లో దిగి వజ్రాలు వెతుకుతారు అని.

ఇది వింటే మీకు ఏం గుర్తొచ్చింది? వజ్రకరూరు! తొలకరి పడగానే ఉరవకొండ వైపు ఆ చేలల్లో తలలు వంచుకుని తిరిగే జనం. కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలిలో కూడా అంతే. పోలో చెప్పిన కొండలు మా వజ్రకరూరే అని నేను అనను, కృష్ణా తీరం గనులు ఆ రేవుకి ఇంకా దగ్గర. ఆయన మన ఊరి పేరు ఎక్కడా ఎత్తలేదు. కానీ ఏడు వందల ఏళ్ళ కింద ఒక విదేశీయుడు విన్న పని, పోయిన జూన్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు చేసినాడు. బీటెక్ ఫస్ట్ క్లాస్ వాడు. మూడు రోజులు తిరిగి ఎండదెబ్బ తెచ్చుకున్నాడు, వజ్రం మాత్రం రాలేదు.

మరి ఇంత రేవు ఎందుకు నిశ్శబ్దం అయిపోయింది? 1323లో ఓరుగల్లు పడిపోయింది. 1358లో రెడ్డి రాజు అనవోతారెడ్డి మళ్ళీ అదే ఊళ్ళో వ్యాపారులకి అభయం ఇస్తూ ఇంకో శాసనం వేయించినాడు. నాకు అనిపించేది ఏమంటే, ఒకే హామీని రెండోసారి చెక్కించాల్సి వచ్చిందంటే మధ్యలో ఎవరో దాన్ని తప్పే ఉంటారు. తర్వాత వ్యాపారం మెల్లగా మచిలీపట్నం వైపు జరిగిపోయింది. 1611లో ఇంగ్లీషు కంపెనీ వ్యాపారం పెట్టుకున్నది అక్కడే. మోటుపల్లిలో గుడులు, రాళ్ళు, అలలు మిగిలినాయి. ప్రశాంతంగా ఉన్న ఊరు అని మనం వెతుక్కుంటాం కానీ ఆ ప్రశాంతత వెనక ఎంతమంది హమాలీల పని పోయి ఉంటుందో ఆ రోజుల్లో.

ఇక ప్లాన్ చెబుతా, మీలో ఎవరన్నా పోవాలనుకుంటే పనికొస్తుంది. రోడ్డు మీద అనంతపురం నుంచి 300 కిలోమీటర్లు దాటుతుంది. అవ్వతో కారులో అంత దూరం కష్టం కాబట్టి రైలు. గుంతకల్లు నుంచి డోన్, నంద్యాల, గిద్దలూరు మీదుగా గుంటూరు లైను. నంద్యాల దాటినాక నల్లమల వస్తుంది, అక్కడ నిద్రపోవద్దు, కిటికీ పక్కన కూర్చోండి. గుంటూరు నుంచి తెనాలి, అక్కడి నుంచి చీరాల. ఉండేది చీరాలలో, పల్లెలో లాడ్జీలు వెతకొద్దు. వేటపాలెంలో ఒక పూట ఆగాలి, జీడిపప్పు కోసం, ఇంకా 1918లో మొదలైన సారస్వత నికేతనం లైబ్రరీ కోసం. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసినారు. తర్వాత మోటుపల్లి, సాయంత్రానికి వాడరేవు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, పెట్టుకోకండి. ఎండాకాలం ఉక్కపోత మన ఎండలాంటిది కాదు, చెమటతో చంపుతుంది. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. ఒక్క మాట సీరియస్‌గా: ఆ తీరంలో నీళ్ళు పైకి నెమ్మదిగా కనపడినా లోపలికి లాగేస్తాయి. ఎంతోమంది కుర్రోళ్ళు అట్లనే పోయినారు. మనం చెరువులో ఈత నేర్చినోళ్ళం, అక్కడ అది పనికిరాదు. మోకాలి లోతు దాటొద్దు.

టికెట్లు బుక్ చేసినా, ముగ్గురికి. అమ్మ కూడా వస్తోంది. అవ్వ అప్పుడే సంచి సర్దుకుంది: రాగిపిండి, చెనక్కాయ పొడి, ఒక ఇత్తడి చెంబు. చెంబు ఎందుకవ్వా, ఆ నీళ్ళు తాగేకి రావు అని మళ్ళీ చెప్పినా.

"తాగేకి కాదులే. ముందు ఆ రాయి కాడికి తీసుకుపో, ఇన్ని నీళ్ళు పోసి పసుపు పెడతా. సముద్రం తర్వాత చూస్తాం, అది యాడికి పోతాది."

రాయికి పసుపు పెట్టనివ్వరని ఆమెకి ఎట్లా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నా.