రేకు రైళ్లు: హార్న్‌బీ 'ఓ' గేజ్ బొమ్మ రైళ్లు, వాటి మరమ్మతు

తగరం పూసిన పల్చటి ఉక్కు రేకును కత్తిరించి, అచ్చులో నొక్కి, రంగు వేసి చేసిన బొమ్మ రైలును రేకు రైలు అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగం నుంచి 1960ల వరకు జర్మనీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, అమెరికాల్లో ఇవి విరివిగా తయారయ్యాయి. ఆ తర్వాత వీటి స్థానంలోకి ప్లాస్టిక్ వచ్చింది. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1920 నుంచి 'హార్న్‌బీ' పేరుతో అమ్మిన రైళ్లు ఈ జాతిలో బాగా పేరున్నవి. మరమ్మతు నేర్చుకోవాలనుకునేవారికి వీటికి మించిన పాఠ్యపుస్తకం లేదు. లోపలి యంత్రం కళ్లకు కనబడుతుంది, చేతికి అందుతుంది, విడిభాగాలు నేటికీ దొరుకుతాయి.

పుట్టుక

బొమ్మ రైలు పెద్ద పరిశ్రమగా ఎదిగింది దక్షిణ జర్మనీలో. న్యూరెంబర్గ్‌లో బింగ్, కారెట్, కార్ల్ బుబ్ వంటి కంపెనీలు ఉండేవి. గోపింగెన్‌లో 1859లో మొదలైన మెర్క్లిన్ కంపెనీ తొలి సరుకు బొమ్మరిళ్లకు కావలసిన రేకు వంటసామాను. ఆ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో ఒక కొత్త పద్ధతి చూపించింది. పట్టాల మధ్య దూరానికి స్థిరమైన కొలతలు పెట్టి, వాటికి అంకెలు ఇచ్చింది. ఒకటో గేజ్ అంటే 45 మిల్లీమీటర్లు. దానికంటే చిన్నది తర్వాత వచ్చింది, అది సున్నా గేజ్, 32 మిల్లీమీటర్లు. ఇంగ్లీషువాళ్లు సున్నాను అక్షరంలా చదివి దాన్ని 'ఓ' గేజ్ అన్నారు.

నా దృష్టిలో బొమ్మ రైలు చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఈ కొలతలే. అంతకుముందు కొన్న రైలు కొన్నంత వరకే. కొలతలు స్థిరపడ్డాక ఈ పండక్కి ఇంజను, వచ్చే పుట్టినరోజుకి నాలుగు పట్టాలు, ఆ మరుసటి ఏడు ఒక స్టేషను అంటూ ఇంట్లోనే రైల్వే పెరగడానికి వీలు కలిగింది. తొంభై ఏళ్ల నాటి పెట్టెను ఇవాళ కొత్తగా చేసిన పట్టాల మీద నడపగలుగుతున్నామంటే కారణం అదే.

ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో చిల్లుల పట్టీలు, నట్లు, బోల్టులతో రకరకాల నమూనాలు కట్టుకునే ఆటవస్తువుకు పేటెంటు తీసుకున్నాడు. అదే తర్వాత మెకానో అయింది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్ బొమ్మలు ఇంగ్లండ్‌కు రావడం ఆగిపోయింది. ఆ ఖాళీలోకి హార్న్‌బీ రైళ్లు వచ్చాయి. 1920 నాటి తొలి రైళ్లను మెకానో తరహాలోనే నట్లు, బోల్టులతో బిగించారు. పిల్లలు విప్పి మళ్లీ కట్టుకోవాలన్నది ఆలోచన. 1923లో బ్రిటన్ రైల్వేలు నాలుగు పెద్ద కంపెనీలుగా కలిసిపోయాక, హార్న్‌బీ ఇంజన్లు కూడా ఆ కంపెనీల రంగులు తొడుక్కున్నాయి.

ఈ వరుసలో అందరూ తలచుకునేది 1937 నాటి 'ప్రిన్సెస్ ఎలిజబెత్'. అసలు ఇంజను 1936 నవంబరులో లండన్ నుంచి గ్లాస్గోకు దాదాపు 645 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఆరు గంటల్లోపు చేరింది. బొమ్మ ధర అయిదు గినీలు, అంటే 105 షిల్లింగులు. సామాన్యుడి ఇంటికి అందని ధర అది. నిజానికి ఎక్కువ ఇళ్లలో పరుగెత్తినవి 'ఎమ్' వరుసలోని చౌక కీ ఇంజన్లు, నాలుగు చక్రాల పెట్టెలు. 1938లో కంపెనీయే 16.5 మిల్లీమీటర్ల చిన్న గేజ్‌తో 'హార్న్‌బీ డబ్లో' తెచ్చింది. ఇళ్లలో చోటు తగ్గుతున్న కాలం కావడంతో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే ముందుకు వెళ్లింది. 1964లో మెకానో కంపెనీ లైన్స్ బ్రదర్స్ అనే మరో కంపెనీ చేతికి వెళ్లింది.

అమెరికాది వేరే దారి. జాషువా లయొనెల్ కోవెన్ 1900లో న్యూయార్క్‌లో పెట్టిన లయొనెల్ కంపెనీ మొదటినుంచీ విద్యుత్తునే నమ్ముకుంది. 1906లో సుమారు 54 మిల్లీమీటర్ల సొంత గేజ్ తెచ్చి దానికి 'స్టాండర్డ్' అని పేరు పెట్టుకుంది.

రేకు స్వభావం

మరమ్మతుకు కూర్చునే ముందు రేకు గురించి ఒక విషయం తెలుసుకోవాలి. ఇనుముకు జింకు పూత పూస్తే, గీత పడినచోట జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. తగరం అలా చేయదు. తగరం పూత చెక్కుచెదరనంత కాలం రక్షణ గట్టిది, గీత పడితే మాత్రం అక్కడి ఇనుమే ముందు తుప్పు పడుతుంది. అందుకే పాత రైళ్లలో తుప్పు అంచుల దగ్గర, వంపుల దగ్గర, చక్రాలు ఒరుసుకునే చోట మొదలై రంగు కిందకు పాకుతుంది.

రంగు రెండు రకాలు. ఒకటి, రేకును ఆకారానికి తెచ్చాక ఎనామెల్ పూసి కొలిమిలో ఆరబెట్టినది. రెండోది, రేకు చదునుగా ఉన్నప్పుడే రాతి అచ్చు పద్ధతిలో కిటికీలు, తలుపులు, అక్షరాలు అన్నీ ముద్రించి ఆ తర్వాత వంచినది. ఈ ముద్రణ పొర చాలా పల్చన. ఒకసారి పోతే తిరిగి తేవడం దాదాపు అసాధ్యం.

పెట్టెల భాగాలను కలిపేవి రేకు నాలుకలు. ఒక రేకు అంచున ఉన్న నాలుక మరో రేకులోని గాటులోంచి వచ్చి మడుచుకుంటుంది. రెండు మూడుసార్లు వంచితే అది విరుగుతుంది. కాబట్టి ప్రతి నాలుకకూ మిగిలిన ఆయుష్షు ఒక విప్పడం, ఒక మూయడం మాత్రమే అనుకుని పనిచేయాలి. లోపల పని లేకపోతే పెట్టెను అసలు విప్పకూడదు.

కీ యంత్రం

కీ ఇంజను లోపల రెండు లోహపు పలకలు, వాటి మధ్య స్తంభాలు, ఒక చుట్ట స్ప్రింగు, పళ్లచక్రాల వరుస ఉంటాయి. కీ తిప్పితే స్ప్రింగు లోపలి కొస ఇరుసు చుట్టూ బిగుస్తుంది, బయటి కొస స్తంభానికి తగులుకుని ఉంటుంది. వెనక్కి తిరగకుండా పళ్లచక్రాన్ని ఒక చిన్న కొక్కెం పట్టుకుంటుంది. 'టిక్ టిక్'మనే చప్పుడు దానిదే. క్యాబిన్‌లో బయటికి వచ్చిన రెండు మీటల్లో ఒకటి బ్రేకు, రెండోది ముందుకూ వెనక్కూ మార్చేది.

ఆగిపోయిన కీ ఇంజన్లలో ఎక్కువవాటికి వచ్చిన జబ్బు స్ప్రింగు విరగడం కాదు, గట్టిపడిన గ్రీజు. ఎన్నో ఏళ్లు అలాగే పడి ఉంటే గ్రీజు మైనంలా మారి, ముద్దగా చుట్టల మధ్య పట్టేస్తుంది. పైతొడుగు స్క్రూలు విప్పి యంత్రాన్ని వేరుచేసి, స్ప్రింగు పూర్తిగా వదులు చేసిన తర్వాతే కిరసనాయిలులో నానబెట్టి, మెత్తటి కుంచెతో కడగాలి. బాగా ఆరాక ఇరుసు చివరలకు ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె, స్ప్రింగు చుట్టల మధ్య పల్చగా గ్రీజు చాలు. మన ఇళ్లలో తలుపు కీచుమంటే కొబ్బరినూనె వేసే అలవాటు ఉంది. ఇక్కడ అది పనికిరాదు. చలికాలంలో గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగురవుతుంది. వంటనూనెలు అంతకంటే చెడ్డవి.

జాగ్రత్త మాట ఒకటి గట్టిగా చెప్పాలి. కీ ఇచ్చి ఉన్న స్ప్రింగును పలకల మధ్యనుంచి బయటికి తీయకూడదు. అది ఒక్కసారిగా విచ్చుకుంటే చేతులు కోసుకుపోతాయి, కళ్లకు ప్రమాదం. చక్రాలు పైకెత్తి యంత్రాన్ని గాలిలో పరుగెత్తించడం కూడా తప్పే. బరువు లేని యంత్రం అతివేగంతో తిరిగి పళ్లు అరగదీస్తుంది. చక్రాలను వేలితో ఆపుతూ నెమ్మదిగా దించాలి.

స్ప్రింగు విరిగేది సాధారణంగా కొస దగ్గర. ఆ కొసను మాత్రమే వేడిచేసి మెత్తబరిచి, కొత్త చిల్లు వేస్తే స్ప్రింగు కాస్త పొట్టిదై మళ్లీ పనిచేస్తుంది. మధ్యలో విరిగితే కొత్తది వేయడమే.

చక్రాలు పగలడం

రేకు రైళ్లకు మందులేని రోగం ఒకటుంది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ చాలా కంపెనీలు చక్రాలు, చిన్న భాగాలు జింకు మిశ్రమంతో పోత పోశాయి. ఆ జింకులో సీసం లాంటి మలినాలు కొద్దిగా చేరినా, లోహపు రేణువుల మధ్య సరిహద్దుల వెంట క్షయం మొదలవుతుంది. తేమ దాన్ని పెంచుతుంది. భాగం ఉబ్బుతుంది, నెర్రెలిస్తుంది, చివరికి చేతిలోనే పొడిగా రాలుతుంది. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు అంటుకుంటుందని కొందరు భయపడతారు, అది నిజం కాదు. రోగం ఆ పోతలోనే పుట్టుకనుంచీ ఉంటుంది. 1929లో అమెరికాలో 99.99 శాతం శుద్ధమైన జింకుతో 'జమాక్' మిశ్రమం వచ్చింది. దానితో దారి దొరికినా, ఫ్యాక్టరీలో సీసం తునకలు కలిసిన ప్రతిచోటా ఈ క్షయం మళ్లీ తలెత్తింది.

ఉబ్బిన చక్రాన్ని అంటించినా, పూత పూసినా నిలవదు. కొత్తగా పోసిన చక్రాలు సేకర్తల సంఘాల ద్వారా దొరుకుతాయి. వాటిని బిగించేటప్పుడు సుత్తితో కొట్టకుండా పుల్లర్‌తో తీసి, ప్రెస్‌తో ఎక్కించాలి. ఎడమ, కుడి చక్రాల క్రాంక్ పిన్నుల మధ్య కోణం అన్ని ఇరుసుల మీదా ఒకేలా ఉండాలి. కాస్త తేడా ఉన్నా కడ్డీలు పట్టేసి ఇంజను కుంటుతుంది. తీసిన పాత చక్రాలను పారేయకుండా పొట్లం కట్టి పెట్టెలోనే ఉంచడం మంచి పద్ధతి. తర్వాత ఆ ఇంజను ఎవరి చేతికి వెళ్లినా ఏం మారిందో వారికి తెలుస్తుంది.

విద్యుత్ రైళ్లు

హార్న్‌బీ 1925లో తెచ్చిన 'మెట్రోపాలిటన్' ఇంటి కరెంటుతోనే, మధ్యలో ఒక బల్బు అడ్డుపెట్టి నడిచేది. పిల్లలు ముట్టుకునే పట్టాల్లోకి అంత వోల్టేజి పంపడం ఎంత ప్రమాదమో ఆ తర్వాత అందరికీ అర్థమైంది. కంపెనీలు తక్కువ వోల్టేజికి మారాయి. హార్న్‌బీ చివరికి 20 వోల్టుల ఏసీ దగ్గర స్థిరపడింది. అలాంటి పాత అధిక వోల్టేజి ఇంజను దొరికితే అద్దాల బీరువాలో పెట్టుకోవాలి, నడపకూడదు.

పట్టాల మధ్య మూడో పట్టా ఎందుకంటే, కరెంటు అందులోంచి వచ్చి బయటి పట్టాల గుండా తిరిగిపోతుంది. రైలు మార్గం చుట్టు తిరిగి తనలోనే కలిసినా షార్ట్ కాదు. మోటారులో ఫీల్డ్ చుట్ట, ఆర్మేచర్ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి పట్టాల్లో కరెంటు దిశ మార్చినంత మాత్రాన ఇంజను వెనక్కి నడవదు, రెండూ కలిసే మారతాయి. అందుకే లయొనెల్ ఇంజన్లలో కరెంటు ఆపి ఇచ్చినప్పుడల్లా ముందుకు, ఆగు, వెనక్కి అని మార్చే చిన్న మీట యంత్రం పెట్టారు.

మోటారు కదలకపోతే ముందు కమ్యుటేటర్ చూడాలి. స్పిరిట్‌తో తడిపిన బట్టతో తుడిచి, ముక్కల మధ్య గాట్లలో పేరుకున్న బొగ్గుపొడిని పంటిపుల్లతో తీయాలి. ఉప్పుకాగితం పెట్టి రుద్దకూడదు. ఆ తర్వాత బ్రష్షులు, వాటి స్ప్రింగులు, మూడో పట్టాను తాకే చక్రం. పొడిబారి పెచ్చులూడే పాత తీగలను తప్పకుండా మార్చాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎంత అందంగా ఉన్నా వాడకపోవడమే క్షేమం. అమెరికా నుంచి మన ఊళ్లకు వచ్చే లయొనెల్ ట్రాన్స్‌ఫార్మర్లు 115 వోల్టులకు, 60 సైకిళ్లకు చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతాయి.

రంగు జోలికి వెళ్లే ముందు

సేకర్తల్లో రెండు పక్షాలున్నాయి. రంగు గీకి కొత్తదిలా మెరిపించాలనేది ఒకటి. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలనేది రెండోది. ఈ వ్యాసకర్త రెండో పక్షం. యంత్రం నడవడానికి పుట్టింది కాబట్టి దాన్ని నడిపించడానికి కావలసినంత చేయవచ్చు. రంగు మాత్రం ఒక్కసారే వేసినది. దాని మీది గీతలు ఆ రైలుతో ఆడిన పిల్లలవి. సగానికి పైగా తుప్పు తినేసిన రేకుకు కొత్త రంగు వేయడంలో తప్పు లేదు, అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పితీరాలి.

శుభ్రం చేయడానికి దూది చుట్టిన పుల్లను కాస్త తడిపి, ముందు అడుగున కనిపించని చోట పరీక్షించాలి. రంగు దూదికి అంటితే అక్కడితో ఆపాలి. ఇత్తడి సామాను తోమే చింతపండు, నిమ్మచెక్క రేకు దగ్గరికి రాకూడదు, ఆ పులుపు తగరాన్ని తిని తుప్పుకు దారి తీస్తుంది. తుడిచాక పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాస్తే తేమ ఆగుతుంది. పాత ఎనామెల్‌లో సీసం ఉంటుంది కనుక పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకూడదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో నిల్వ ఇంకో సమస్య. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే లోపలి తేమ బయటికి పోదు. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో గాలాడే బీరువాలో పెట్టి, వానాకాలంలో పొట్లాలు మార్చాలి. స్ప్రింగు వదులు చేసి ఉంచాలి.

నడపడం

ఈ రైళ్లు నేల కోసం చేసినవి. ఒక అడుగు, రెండు అడుగుల వ్యాసార్ధంతో వంపు తిరిగే పట్టాలు గదిలో చాప పరిచినంత చోటులో పూర్తి చుట్టు తిరుగుతాయి. అంత చిన్న వంపులో పట్టడానికి ఇంజన్లను పొట్టిగా, లావుగా చేశారు. అసలు ఇంజను కొలతలతో సరిపోలవని కొందరు వంక పెడతారు. ఆ పొట్టితనంలోనే వాటి రూపం ఉంది.

పట్టాల కీళ్ల పిన్నులు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, తుప్పును మెత్తటి నైలాన్ పీచుతో తీస్తే రైలు పట్టాలు తప్పడం సగం తగ్గుతుంది. విద్యుత్ రైలుకు వేగం మీట ఉంటుంది. కీ రైలుకు అది లేదు. మొదట దూసుకుపోతుంది, స్ప్రింగు సడలేకొద్దీ మెల్లబడుతుంది. బరువు తగిలిస్తే పరుగు నిదానమవుతుంది కనుక మూడు నాలుగు పెట్టెలు తగిలించే నడపాలి. హార్న్‌బీ వాళ్లు పట్టా మధ్యలో మీటలున్న బ్రేకు పట్టాలు కూడా చేశారు. ఆ మీట లేపితే పైనుంచి వెళ్లే ఇంజను బ్రేకు దానంతటదే పడుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు ఆ మీటను కూడా వాడరు. ఏ ఇంజనుకు ఎన్ని పెట్టెలతో ఎన్ని చుట్లు కీ ఇస్తే ఎంత దూరం వెళ్తుందో చిన్న పుస్తకంలో రాసుకుంటారు. రెండు స్టేషన్లు పెట్టి, ఇద్దరు చెరో చివర కూర్చుని, ఒకరు పంపిన రైలు రెండోవారి ప్లాట్‌ఫారం దగ్గర స్ప్రింగు అయిపోయి ఆగేలా కీ చుట్లు లెక్కపెట్టి ఇస్తారు. గూడ్సు పెట్టె ఒకటి ఎక్కువైతే ఒక చుట్టు కలపాలి. నూనె కొత్తగా వేసిన రోజు అర చుట్టు తగ్గించాలి.