చెక్: చదరంగపు రాజు నుంచి బ్యాంకు కాగితం దాకా

ఇంగ్లీషులో ‘చెక్’ అనే చిన్న మాటకు చాలా అర్థాలున్నాయి. చదరంగంలో రాజుకు వచ్చే ముప్పు చెక్. ఆపడం చెక్, సరిచూడడం చెక్. గళ్ళ బట్ట చెక్. బ్యాంకులో సొమ్ము ఇప్పించే కాగితం చెక్కు. అమెరికాలో హోటలు బిల్లు కూడా చెక్కే. ఒకదానితో ఒకటి పొంతన లేనట్టు కనిపించే ఈ అర్థాలన్నిటికీ పుట్టిల్లు చదరంగం బల్ల. ఆ బల్ల మీది రాజు నుంచి కొన్ని అర్థాలు పుట్టాయి, బల్ల మీది గళ్ళ నుంచి కొన్ని పుట్టాయి. ఈ రెండు శాఖలూ ఇంగ్లండు ఖజానా లెక్కల్లోనూ, బ్యాంకు చెక్కులోనూ మళ్ళీ కలిశాయి.

చదరంగం భారతదేశంలో పుట్టిన ఆట. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సేనను బట్టి దానికి చతురంగం అనే పేరు వచ్చింది. సుమారు క్రీ.శ. 6వ శతాబ్దంలో అది పారశీకానికి చేరి ‘చత్రంగ్’ అయింది. 7వ శతాబ్దంలో పారశీకాన్ని జయించిన అరబ్బుల నోట ‘షత్రంజ్’గా మారి, వాళ్ళ వెంట స్పెయిన్ వైపు నుంచి యూరప్‌లో అడుగుపెట్టింది. పారశీకులు ఆటలో రాజును ‘షా’ అనేవారు. ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు ‘షా’ అని పలికి హెచ్చరించేవారు. రాజుకు తప్పించుకునే దారి లేకుండా పోతే ‘షా మాత్’ అనేవారు. రాజు నిస్సహాయుడయ్యాడని దాని భావం. తెలుగువారు ఆటకట్టు అనేది దీన్నే.

ఈ ‘షా’ మధ్యయుగపు లాటిన్‌లో ‘స్కాకస్’గా, పాత ఫ్రెంచిలో ‘ఎస్చెక్’గా రూపు మార్చుకుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత అక్కడి కొలువుల్లో ఫ్రెంచి మాటలు పాతుకుపోయాయి. ‘ఎస్చెక్’ ఇంగ్లీషులో ‘చెక్’ అయింది. దాని బహువచన రూపం నుంచి ‘చెస్’ అనే ఆట పేరు వచ్చింది. చెక్, చెస్ రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. ఆ వేరు రాజు.

రాజుకు చెక్ పడితే ఆటగాడు తన పథకాలన్నీ పక్కనపెట్టి ముందు రాజును కాపాడుకోవాలి. సాగుతున్న ఆట అక్కడ ఆగుతుంది. దీన్నిబట్టి హఠాత్తుగా ఎదురైన అడ్డంకి, ఎదురుదెబ్బ, నిగ్రహం అనే అర్థాలు వచ్చాయి. మనిషి కోపాన్ని అదుపు చేసుకోవడం, సైన్యం ముందడుగును నిలువరించడం కూడా చెక్ అనిపించుకున్నాయి. 18వ శతాబ్దంలో ఈ అర్థం రాజ్యాంగ చర్చల్లోకీ ప్రవేశించింది. 1787లో రూపొందిన అమెరికా రాజ్యాంగం శాసనసభ, కార్యనిర్వాహక వర్గం, న్యాయస్థానాలు ఒకదానికొకటి అడ్డుగా నిలిచేలా అధికారాలను పంచింది. అధ్యక్షుడు ఒక బిల్లును తిప్పిపంపవచ్చు. మూడింట రెండు వంతుల ఆధిక్యంతో ఉభయసభలు దాన్ని మళ్ళీ నెగ్గించవచ్చు. ఇలాంటి పరస్పర నియంత్రణలను అక్కడ ‘చెక్స్’ అంటారు.

ఇక రెండో శాఖ బల్ల మీది గళ్ళది. స్కాకస్ నుంచి ‘స్కాకారియం’, అంటే చదరంగం బల్ల, అనే లాటిన్ మాట వచ్చింది. ఫ్రెంచి మీదుగా అదే ఇంగ్లీషులో ‘ఎక్స్‌చెకర్’ అయింది. ఇంగ్లండు రాజు ఖజానా లెక్కలు తేల్చే కొలువు పేరది. మొదటి హెన్రీ కాలానికే, అంటే 12వ శతాబ్దం తొలినాళ్ళకే, ఈ కొలువు ఉంది. దాని పద్ధతులను రాజు కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో గురుశిష్య సంవాదంగా గ్రంథస్థం చేశాడు. ఆయన వర్ణన ప్రకారం కొలువులో సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న బల్ల ఉండేది. పైన పరిచినవి దొర్లి పడిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు ఉండేది. బల్ల మీద చారలు గీసిన నల్ల బట్ట పరిచేవారు.

చారల మధ్య నిలువు వరుసల్లో పెన్నీలు, షిల్లింగులు, పౌండ్లు, ఇరవైలు, వందలు, వేలు విడివిడిగా ఉండేవి. వాటిలో బిళ్ళలు పేర్చి లెక్క కట్టేవారు. అప్పట్లో వాడుకలో ఉన్న రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు చేయడం కష్టం. పైగా 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. బిళ్ళలను వరుసలు మారుస్తూ పోతే చదువురానివాడికీ లెక్క కళ్ళముందే తేలేది. జిల్లాల నుంచి శిస్తు వసూలు చేసి తెచ్చే షెరీఫులు ఏటా ఈస్టరుకూ, సెప్టెంబరు నెలాఖరులో వచ్చే మైకేల్‌మస్ పండుగకూ ఈ బల్ల ముందు హాజరయ్యేవారు. రావలసిన సొమ్ము ఒక వరుసలో, చెల్లించింది దాని కింద మరో వరుసలో పేర్చితే బాకీ ఎంతో బయటపడేది. ఈ కొలువుకు చదరంగం పేరు రావడానికి బల్ల రూపం ఒక కారణమనీ, కోశాధికారికీ షెరీఫుకీ మధ్య అక్కడ సాగే పోరు మరో కారణమనీ ఫిట్జ్‌నీల్ వివరించాడు. నేటికీ బ్రిటన్ ఆర్థిక మంత్రి అధికారిక పదవీ నామంలో ఎక్స్‌చెకర్ అనే మాట ఉంది.

చెల్లింపుకు రసీదుగా ఆ కొలువు గాట్లు పెట్టిన కర్రలను ఇచ్చేది. మొత్తాన్ని బట్టి గాటు వెడల్పు మారేది. కర్రను నిలువుగా చీల్చి ఇద్దరూ చెరొక ముక్క ఉంచుకునేవారు. తర్వాత రెండు ముక్కలనూ కలిపి గాట్లు సరిపోయాయో లేదో చూసేవారు. 1826 దాకా ఈ కర్రలు వాడుకలో ఉన్నాయి. 1834 అక్టోబరు 16న పాత కర్రలను పార్లమెంటు భవనం కొలిమిలో తగలబెడుతుండగా మంటలు వ్యాపించి ఆ భవనంలో చాలా భాగం బుగ్గయింది.

మోసానికి అడ్డుకట్ట వేయాలంటే ఒక లెక్కను మరో ఆధారంతో పోల్చాలి. ఈ దారిలోనే 17వ శతాబ్దం చివరికి చెక్‌కు సరిచూడడం అనే అర్థం స్థిరపడింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఈ అర్థమే.

బ్యాంకు చెక్కు పుట్టుక కూడా మోసాన్ని ఆపే ప్రయత్నంతో ముడిపడి ఉంది. 17వ శతాబ్దపు లండన్‌లో ధనికులు తమ సొమ్మును బ్యాంకర్ల దగ్గర దాచి, ఫలానావారికి ఇంత ఇవ్వమని చీటీ రాసేవారు. 1659 ఫిబ్రవరి నాటి 400 పౌండ్ల చీటీ ఒకటి నేటికీ మిగిలి ఉంది. ఇలాంటి చీటీలకు దొంగ నకళ్ళు పుట్టకుండా బ్యాంకు తన దగ్గర ఉంచుకునే ప్రతిభాగాన్ని మొదట చెక్ అన్నారు. 18వ శతాబ్దంలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అచ్చు పత్రాలు ఇవ్వసాగింది. క్రమంగా ప్రతిభాగం పేరు చీటీకే స్థిరపడింది. 19వ శతాబ్దంలో బ్రిటన్ బ్యాంకర్లు ఎక్స్‌చెకర్‌ను పోలిన వర్ణక్రమాన్ని ఎంచుకుని ఈ మాటను మిగతా అర్థాల నుంచి వేరుచేశారు. అమెరికన్లు పాత వర్ణక్రమాన్నే ఉంచుకున్నారు. భారతదేశం బ్రిటిష్ పద్ధతినే అనుసరించింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెక్కును నిర్వచించింది. ఖాతాలో సొమ్ము లేక చెక్కు తిరిగివస్తే శిక్ష విధించే 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

గళ్ళ శాఖ బట్టల్లోనూ విస్తరించింది. నిలువు, అడ్డం చారలు కలిసి గళ్ళు ఏర్పడే నేతను చెక్ అన్నారు. ఈ అర్థంతో తెలుగు నేలకు పాత సంబంధమే ఉంది. ‘రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్’ పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతయిన గళ్ళ రుమాళ్ళను చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసేవారు. మద్రాసు రేవు మీదుగా వెళ్ళడంతో వాటికి ఆ ఊరి పేరు అంటుకుంది. నైజర్ డెల్టాలోని కలబారి ప్రజలు ఈ గళ్ళ బట్టలో కొన్ని పోగులు కత్తిరించి లాగేసి కొత్త నమూనాలు తీస్తారు. పండుగలకూ, అంత్యక్రియలకూ ఆ బట్ట వాళ్ళకు ముఖ్యం.

తెలుగులోకి ఈ అర్థాలు వేర్వేరు రూపాల్లో వచ్చాయి. బ్యాంకు కాగితం అజంత రూపంలో ‘చెక్కు’ అయింది. గళ్ళ బట్ట ‘చెక్స్’ అయింది, గళ్ళ చొక్కా, గళ్ళ లుంగీ అనే సొంత మాటలూ నిలిచాయి. సరిచూడడం ‘చెక్ చేయడం’ అయింది, సరుకుల లారీలను ఆపి సోదా చేసే చోటు ‘చెక్‌పోస్టు’ అయింది. ప్రత్యర్థి ఎత్తును అడ్డుకోవడాన్ని పత్రికల శీర్షికలు ‘చెక్ పెట్టడం’ అంటాయి. చదరంగం బల్ల మీది మొదటి అర్థానికి వీటన్నిటిలో దగ్గరగా ఉన్నది ఈ చివరి వాడుకే.