సీసం నుంచి ఫ్లాపీకి: రెండు సంచికల నడుమ పదేళ్లు

మన సంఘం పదో వార్షికోత్సవ సంచిక 1985లో వచ్చింది, ఇరవయ్యోది 1995లో. మొదటిదానికి పదో తరగతి కుర్రవాడిగా ప్రూఫులు మోశాను. రెండోదానికి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరుగా ఫ్లాపీ మోశాను. ఆ పదేళ్లలో తెలుగు పుస్తకం తయారయ్యే పద్ధతే మారిపోయింది.

1985 సంచిక మన బజారులోని ట్రెడిల్ ప్రెస్సులో అచ్చయింది. అక్కడి కంపోజిటర్ గారు మా క్లాసువాడి నాన్నగారు. ఆయన ఎదుట చెక్క కేసులు, వాటి గళ్ల నిండా సీసం అక్షరాలు. ఇంగ్లీషుకైతే పెద్దబడి, చిన్నబడి కలిపినా యాభై రెండే. మనకు గుణింతాలు, వత్తులు కలిపి వందల్లో కావాలి. ఏ వత్తు ఏ గడిలో ఉందో ఆయన చూసేవారు కాదు, చెయ్యి దానంతట అదే వెళ్లేది. అద్దంలోలా తిరగబడి ఉన్న ఆ అక్షరాల్ని నేను కూడబలుక్కునేలోగా ఆయన వాక్యం పూర్తిచేసేవారు.

ఆ ప్రెస్సులో ఉన్న టైపు ఎనిమిది పేజీలకే సరిపోయేది. అవి అచ్చయ్యాక అక్షరాలు విప్పి, మళ్లీ గళ్లలో వేసుకుని, తర్వాతి ఎనిమిది పేజీలు కూర్చాలి. ఆ తర్వాత తప్పు కనబడ్డా చేసేదేమీ లేదు. మళ్లీ వెయ్యి కాపీలు కావాలంటే మొదటి అక్షరం నుంచి కూర్చుకోవాల్సిందే. ఆఖరి ప్రూఫు రోజున మా తెలుగు మాస్టారు అంత చిరాగ్గా ఎందుకుండేవారో తర్వాత తెలిసింది.

1995 సంచికకు విజయవాడ వెళ్లాం. ఓ డీటీపీ సెంటర్లో కుర్రాడు నాలుగు రోజుల్లో మొత్తం టైపు చేశాడు. పేరా అటుదిటు మార్చాలన్నా, అక్షరం సైజు పెంచాలన్నా క్షణం పని. లేజర్ ప్రింటు తీసి ఆఫ్‌సెట్‌కి ఇచ్చేశాం. గర్వంగా ఒక కాపీ పట్టుకెళ్లి కంపోజిటర్ గారికిచ్చాను. అప్పటికే ప్రెస్సు మూతపడి, ఆయన ఓ స్టేషనరీ షాపులో నోటుపుస్తకాలు బైండు చేస్తున్నారు. పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి, "వత్తు కింది లైనుకు తగులుతోంది బాబూ" అన్నారు. టైపు ఏమైందని అడిగితే, తూకానికి ఇచ్చేశారట.

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. మన బజారుకు అది చేరలేదు. డీటీపీలో ఒక్కో కంపెనీ ఫాంటుది ఒక్కో నంబరింగు. ఒకదానిలో 'క' ఉన్న చోట మరొకదానిలో ఏ కొమ్మో, వత్తో ఉండేది. ఇంజనీరునై ఉండి కూడా, ఈ ఫైలు ఇరవై ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందా అని అడగలేదు. ఫ్లాపీ నుంచి సీడీకి, సీడీ నుంచి పెన్‌డ్రైవ్‌కి భద్రంగా ఎక్కించుకుంటూ వచ్చానంతే.

ఈ సంచిక కోసం మొన్న దాన్ని తెరిస్తే తెర నిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు. మొదటి హెడ్మాస్టారు గారు మన బడి పుట్టుక గురించి రాసిన వ్యాసం అందులోనే ఉంది. చివరికి ఆఫీసు బీరువాలోని అచ్చు ప్రతి చూసి మళ్లీ టైపు చేయించాం. అయితే 37, 38 పేజీలున్న ఆకును చెదలు తినేశాయి. పక్కనే ఉన్న 1985 సంచిక మాత్రం చెక్కుచెదరలేదు!

మీలో ఎవరింట్లోనైనా 1995 సంచిక ఉంటే ఆ రెండు పేజీలు ఫోటో తీసి సంఘం ఆఫీసుకు పంపండి. పంచపాళ్లి రేకుల షెడ్డులో మొదటి రోజు ఎంతమంది పిల్లలు కూర్చున్నారో ఆయన రాసింది ఆ ఆకులోనే.